గోడెల్ సిద్ధాంతం ఉంది కాబట్టి మిషన్‌కి మనిషి తెలివి ఎప్పటికీ రాదంటున్నారు, నిజమేనా?

కందుకూరు_కుర్రాడు

అందరికీ నమస్కారం. నేను ఒంగోలులో బీటెక్ మూడో సంవత్సరం, సీఎస్‌ఈ. ఈ మధ్య మా కాలేజీలో ఒక గెస్ట్ లెక్చర్ పెట్టారు. వచ్చినాయన బాగానే మాట్లాడాడు గానీ చివర్లో ఒక మాట అనేసి వెళ్లిపోయాడు, అప్పట్నుంచి మా హాస్టల్లో అదే గొడవ. ఆయన చెప్పింది ఇదీ: 1931లోనే గోడెల్ అనే తర్కవేత్త లెక్కలతో తేల్చేశాడంట, ఏ కంప్యూటరూ నిరూపించలేని నిజాలు కొన్ని ఉంటాయంట, అవి మనిషికి మాత్రం తెలుస్తాయంట, కాబట్టి ఏఐ ఎంత పెరిగినా మన సృజనను అందుకోలేదు, ఉద్యోగాల గురించి మీరేం టెన్షన్ పడొద్దు అని. అందరం చప్పట్లు కొట్టాం.

తర్వాత మా రూమ్‌మేట్ ఒక ప్రశ్న వేశాడు. 2024లో గూగుల్ డీప్‌మైండ్ వాళ్ల ప్రోగ్రామ్ అంతర్జాతీయ గణిత ఒలింపియాడ్ లెక్కలు ఆరింటిలో నాలుగు చేసి 42కి 28 మార్కులు తెచ్చుకుంది గదా, వెండి పతకం స్థాయి, ఇంకొక్క మార్కు వస్తే బంగారం. నిరూపించడమే మిషన్‌కి చేతకాదన్నప్పుడు ఇదెట్లా చేసింది? నా దగ్గర సమాధానం లేదు. పైగా వచ్చే నెల డిబేట్‌లో నన్ను "మిషన్‌కి సృజన ఉండదు" అనే పక్షంలో పెట్టారు. గోడెల్ పేరు చెప్పి నెట్టుకు రావచ్చా, లేక ఎవడైనా లేచి అడిగితే పరువు పోతుందా? తెలిసినవాళ్లు కొంచెం వివరంగా చెప్పండి.

పెన్నాగట్టు

తమ్ముడూ, ముందు ఉద్యోగాల సంగతి. దానికీ గోడెల్‌కీ ఏ సంబంధమూ లేదు. నాకు ఎనిమిదేళ్ల సర్వీసు ఉంది, ఇన్నేళ్లలో నిరూపించలేని నిజం ఒక్కటి కూడా నా టికెట్లలోకి రాలేదు, వచ్చినవన్నీ నల్ పాయింటర్లనే మామూలు కోడ్ తప్పులే. వాటిని మిషన్ సరిచేస్తుందా లేదా అనేది 1931లో తేలిన విషయం కాదు. మిగతాది కావలి మాస్టారు చెప్తారు, ఆయన ఇంకా లేచినట్టు లేరు.

లెక్కల_మాస్టారు_కావలి

లేచానబ్బా, పొద్దున క్లాసులు ఉన్నాయి.

బాబూ, ఆ గెస్ట్ చెప్పినదాంట్లో సగం సరిగ్గానే ఉంది, రెండో సగం దానికి అతికించింది. సిద్ధాంతం ఏం చెప్తుందో ముందు చూడు. కొన్ని స్వీకృతాలు, అంటే నిరూపణ అడక్కుండా ఒప్పుకునే మాటలు, తీసుకుంటాం, వాటి నుంచి ఒక్కో మెట్టు నియమం ప్రకారం వేసుకుంటూ నిరూపణలు చేస్తాం. ఆ స్వీకృతాల జాబితాను మిషన్ రాయగలిగేట్టు ఉండాలి, అందులో కూడికా గుణకారమూ ఉన్న మామూలు అంకగణితం పట్టాలి, వైరుధ్యం, అంటే ఒకే మాట అవుననీ కాదనీ రెండూ తేలడం, ఉండకూడదు. ఈ మూడూ ఉంటే అవుననీ కాదనీ కూడా నిరూపించలేని వాక్యం అందులో ఒకటి తప్పకుండా ఉంటుంది, దీన్నే అసంపూర్ణత అంటారు. ఇంకో సంగతి, తనలో వైరుధ్యం లేదన్న మాటను ఆ వ్యవస్థ తానుగా నిరూపించుకోలేదు. ఇంతే. ఇందులో మనిషి ఊసు ఎక్కడా లేదు, మెదడు ఊసు అసలే లేదు.

షరతులు కూడా ఊరికే పెట్టినవి కాదు. గుణకారం తీసేసి కూడిక ఒక్కటే ఉంచితే అసంపూర్ణత ఉండదు, ప్రెస్‌బర్గర్ 1929లోనే చూపించాడు. మన ఇంటర్ రేఖాగణితం కూడా అంతే, టార్‌స్కీ దానికి పూర్తి నిర్ణయ పద్ధతి ఇచ్చాడు. అంటే గోడెల్ సిద్ధాంతం "లెక్కల్లో ఏదీ తేలదు" అని చెప్పట్లేదు, చాలామంది అలా వాడేస్తుంటారు, నాకు ఒళ్లు మండుతుంది.

ఒక ఉదాహరణ చెప్తాను, ఇది డిబేట్‌లో పనికొస్తుంది. ఒక సంఖ్యను 2 ఘాతాల మొత్తంగా రాయి, ఘాతాల్లో ఉన్న సంఖ్యలను కూడా అట్లాగే విడగొట్టు. ఇప్పుడు 2 కనిపించిన ప్రతిచోటా 3 పెట్టి, వచ్చినదాంట్లో 1 తీసెయ్. తర్వాత 3 ఉన్నచోటల్లా 4 పెట్టి మళ్లీ 1 తీసెయ్. ఇట్లా చేసుకుంటూ పో. 4తో మొదలుపెడితే 26, 41, 60, 83, 109 అని పెరుగుతూనే ఉంటుంది. ఎవరికైనా ఇది ఆకాశానికి పోతుందనే అనిపిస్తుంది. గుడ్‌స్టైన్ 1944లో నిరూపించింది ఏమిటంటే, ఏ సంఖ్యతో మొదలుపెట్టినా చివరికి సున్నాకి దిగాల్సిందే. 4తో మొదలైనదానికి దిగడానికి ఎన్ని అడుగులు పడతాయో ఆ లెక్కను అంకెల్లో రాయాలంటేనే 12 కోట్లకు పైగా అంకెలు కావాలి.

ఆ నిరూపణకు ఆయన వాడింది అనంతానికి అవతల కూడా వరసగా లెక్కపెట్టుకుంటూ పోయే ఆర్డినల్ సంఖ్యలను. అవి లేకుండా, బళ్లో చెప్పే అంకగణితం, అంటే పియానో అనే గణితవేత్త పేరుతో ఉన్న స్వీకృతాలు మాత్రమే వాడి దీన్ని నిరూపించడం అసాధ్యమని కర్బీ, పారిస్ అనే ఇద్దరు 1982లో చూపించారు. మామూలు సంఖ్యల గురించిన మామూలు వాక్యం, నిజం, కానీ ఆ పుస్తకంలో ఉన్న రూల్స్‌తో ఎప్పటికీ చేతికి రాదు.

ఇక్కడే మీ గెస్ట్ గారిలాంటివాళ్లు "చూశారా, మిషన్ ఇరుక్కుంది, మనిషి దాటాడు" అంటారు. కాదు. పియానో స్వీకృతాలు మాత్రమే ఇచ్చిన మిషన్ ఇరుక్కుంది. పియానో స్వీకృతాలు మాత్రమే ఇచ్చిన మనిషి కూడా అక్కడే ఇరుక్కుంటాడు. మిషన్‌కి సెట్ థియరీ, అంటే అనంత సమితుల గురించి కూడా మాట్లాడే పెద్ద స్వీకృతాల జాబితా, ఇవ్వు, గుడ్‌స్టైన్ నిరూపణను అది కూడా చేస్తుంది, నాకంటే తొందరగా సరిచూస్తుంది. కాబట్టి ఇందులో తేడా మనిషికీ మిషన్‌కీ మధ్య కాదు, చిన్న రూల్‌బుక్కుకీ పెద్ద రూల్‌బుక్కుకీ మధ్య. ఆ పెద్దదాన్ని ముందుగా ఎవరు ఎందుకు ఎంచుకున్నారు అనేది వేరే ప్రశ్న, అసలు ఆసక్తికరమైనది అదే. మళ్లీ వస్తా, బెల్ కొట్టారు.

సమస్యాపూరణం

మాస్టారికి నమస్కారం. నేను నెల్లూరు మూలాపేట, తెలుగు పండితుడిగా చేసి రిటైర్ అయినవాణ్ణి. లెక్కలు నాకు అంతగా రావు గానీ ఈ వాదన కొత్తది కాదు, 1961లో లూకస్ అనే ఆక్స్‌ఫర్డ్ తత్వవేత్త రాశాడు, 1989 నుంచి పెన్‌రోజ్ కూడా ఇదే పట్టుకున్నాడు, ఆయనేమీ చిన్నవాడు కాదు, 2020లో భౌతికశాస్త్రంలో నోబెల్ వచ్చినవాడు. వాళ్లనేది మీరు తేలిగ్గా దాటేశారు. మీరు ఏ మిషన్ అయినా పట్టుకురండి, దాని రూల్స్ చూసి, అది నిరూపించలేని వాక్యం ఏదో నేను కట్టి చూపిస్తాను, పైగా ఆ వాక్యం నిజమని నాకు తెలుస్తుంది. దానికి తెలియదు. మీరు పెద్ద రూల్‌బుక్కు ఇస్తే ఇంకో వాక్యం కడతాను. ప్రతిసారీ నేనే ఒక మెట్టు పైన ఉంటాను. మరి నాలో ఏదో రూల్స్‌కి అందనిది ఉన్నట్టే గదా?

అవధానం చూసినవాళ్లకు ఇది కొత్తగా ఉండదు. నిషిద్ధాక్షరిలో పృచ్ఛకుడు ఒక్కో అక్షరాన్నీ నిషేధిస్తూ పోతాడు, అవధాని అప్పటికప్పుడు ఆ కంచెలోంచే దారి చేసుకుని అర్థవంతమైన పద్యం బయటికి తెస్తాడు. తిక్కన తిరిగిన ఊళ్లో కూర్చుని, ఇదంతా రూల్‌బుక్కు తిప్పడమే అంటే ఒప్పుకోవడం నాకు కష్టం.

పెన్నాగట్టు

పంతులుగారూ, మిషన్‌ని పట్టుకొస్తాం సరే, దాని సోర్స్ కోడ్ కొన్ని వందల కోట్ల సంఖ్యలు. దాంట్లోంచి గోడెల్ వాక్యం మీరు కడతారా? నేనైతే కట్టలేను.

లెక్కల_మాస్టారు_కావలి

పండితులవారికి నమస్కారం. మంచి పట్టు పట్టారు, తప్పించుకోకుండా చెప్తాను.

మీరు "ఆ వాక్యం నిజమని నాకు తెలుస్తుంది" అన్నారు. ఎలా తెలుస్తుంది? ఆ మిషన్ రూల్స్‌లో వైరుధ్యం లేకపోతేనే ఆ వాక్యం నిజం. వైరుధ్యం ఉంటే అబద్ధం. కాబట్టి మీకు నిజంగా తెలిసింది "వైరుధ్యం లేకపోతే ఈ వాక్యం నిజం" అనేంతవరకే. ఆ మాటను మిషన్ కూడా నిరూపించగలదు, హాయిగా. దానికి చేతకానిది "నాలో వైరుధ్యం లేదు" అనే ముందు భాగం. మరి అది మీకు తెలుసా? పెద్ద పెద్ద రూల్‌బుక్కుల విషయంలో మనకు తెలియదు, నమ్ముతాం. పట్నమ్ అనే తత్వవేత్త 1960లోనే ఈ మెలిక చూపించాడు.

నమ్మకం ఎంత గట్టిదో చెప్పడానికి ఫ్రేగే అనే జర్మన్ తర్కవేత్త కథ చాలు. లెక్కలన్నిటికీ తర్కంతో పునాది వేస్తున్నానని జీవితమంతా కష్టపడి ఆయన రెండో సంపుటం అచ్చుకిచ్చాడు. 1902 జూన్‌లో రస్సెల్ దగ్గర్నుంచి ఒక ఉత్తరం వచ్చింది, మీ స్వీకృతాల్లో వైరుధ్యం ఉంది చూసుకోండి అని. ఫ్రేగేకంటే జాగ్రత్తగా ఆలోచించే మనిషిని వెతకడం కష్టం. ఆయనకే "కనిపించిన" నిజం అబద్ధమైంది.

ఇంకోటి, కొంచెం చిలిపిగా. ఈ వాక్యం చూడండి: "సమస్యాపూరణం గారు ఈ వాక్యాన్ని నిజమని ఎప్పటికీ చెప్పరు." మీరు నిజమని చెప్పారా, అబద్ధం చెప్పినవారవుతారు. చెప్పకపోతే అది నిజం, మాకందరికీ తెలుసు, మీరు మాత్రం నోరు విప్పి అనలేరు. 1962లో వైట్లీ అనే తత్వవేత్త ఈ ఎత్తునే లూకస్ మీద వేశాడు. దీన్నిబట్టి నేను మీకంటే తెలివైనవాణ్ణని ఎవరైనా అంటే నేనే నవ్వుతాను. మిషన్ మీద గోడెల్ వాక్యం వేయడంలో ఉన్న గెలుపు కూడా దాదాపు ఇలాంటిదే.

పద్యం సంగతికి వద్దాం, అక్కడ మీకు నేను ఎదురు చెప్పను, కానీ గోడెల్‌ని పక్కన పెడదాం. ఉత్పలమాల అంటే పాదానికి ఇరవై అక్షరాలు, నాలుగు పాదాలకు ఎనభై. తెలుగులో అక్షరాలు ఎన్ని రకాలున్నా పరిమితమే. కాబట్టి రాయదగ్గ ఉత్పలమాలలన్నీ కలిపి ఒక పరిమిత సంఖ్య, ఊహకందనంత పెద్దదైనా సరే. గణాలు, యతి, ప్రాస కుదిరాయో లేదో మిషన్ క్షణంలో చెప్తుంది, అలాంటి సాఫ్ట్‌వేర్ ఇప్పటికే ఉంది. అసంపూర్ణత దూరేందుకు ఇక్కడ సందే లేదు. అయినా మంచి పద్యం రాయడం ఎందుకు కష్టం? ఆ గుట్టలో ఏది ఎత్తుకోవాలో తెలియాలి కాబట్టి. ఆ కష్టం నిరూపణకు సంబంధించింది కాదు, ఎంపికకు సంబంధించింది.

నా మాట ఒక్కటే. గోడెల్ సిద్ధాంతం నిరూపించడం గురించి మాట్లాడుతుంది, సృజన ఎక్కువగా కనుక్కోవడంలో ఉంటుంది. ఈ రెంటినీ ఒకే గాటన కట్టేసి మనిషి గెలిచాడనడం కుదరదు, అలాగే మిషన్ గెలిచిందనడమూ కుదరదు. రెండూ కలిసే చోటు ఒక్కటుంది, కొత్త స్వీకృతాలు ఎంచుకోవడం. దాని గురించి రాత్రికి రాస్తా.

కందుకూరు_కుర్రాడు

మాస్టారూ, 4తో ఆ లెక్క పైథాన్‌లో రాసి రన్ చేశాను, మధ్యాహ్నం నుంచి ల్యాప్‌టాప్ కాలిపోతోంది. సరే అది వదిలేయండి. నా డౌట్ ఏమిటంటే, గోడెల్ గారు సొంతంగా ఏమనుకున్నారు? మనిషి పక్షమా, మిషన్ పక్షమా?

పెన్నాగట్టు

ఆపెయ్ తమ్ముడూ, 12 కోట్ల అంకెలు అన్నారు గదా, కరెంటు బిల్లు ఎవరు కడతారు. 3తో వెయ్, ఐదో అడుగులో సున్నా వస్తుంది.

లెక్కల_మాస్టారు_కావలి

గోడెల్ మనసు మనిషి వైపే ఉంది, కానీ ఆయన జాగ్రత్త చూడు. 1951లో ఇచ్చిన గిబ్స్ ఉపన్యాసంలో "కాబట్టి మనిషి మిషన్ కాదు" అని తేల్చలేదు. రెంటిలో ఒకటి నిజం కావాలన్నాడు: మనిషి మనసు ఏ పరిమిత యంత్రానికన్నా అంతులేనంత మిన్న అయినా కావాలి, లేదా మనిషి కూడా ఎప్పటికీ తేల్చలేని లెక్కలు ఉండైనా ఉండాలి. సిద్ధాంతం పుట్టించినాయనే "లేదా" పెట్టి ఆగాడు, మీ గెస్ట్ గారు దాన్ని కొట్టేశారు.

కంప్యూటర్ శాస్త్రానికి పునాది వేసిన ట్యూరింగ్ చెప్పింది నాకు ఇంకా నచ్చుతుంది. 1947లో లండన్ గణిత సమాజంలో మాట్లాడుతూ, మిషన్ ఎప్పుడూ తప్పు చేయకూడదని పట్టుబడితే దానికి తెలివి కూడా ఉండాలని ఆశించలేం అనే అర్థంలో చెప్పాడు. సిద్ధాంతాలు వర్తించేది వైరుధ్యం లేకుండా మాట్లాడే మిషన్‌కి, అప్పుడప్పుడు తప్పు మాట్లాడేదానికి ఆ సంకెళ్లు అట్లా పడవు. ఇప్పటి భాషా నమూనాలు ఎంత ధైర్యంగా తప్పులు చెప్తాయో చూస్తున్నాం గదా, ఆ విషయంలో అవి మనవాళ్లే.

ఇక కొత్త స్వీకృతాలు. కంటిన్యుమ్ పరికల్పన అని ఒకటుంది, 1, 2, 3 అనే సంఖ్యల అనంతానికీ గీత మీది బిందువుల అనంతానికీ మధ్య ఇంకో సైజు అనంతం లేదని. మనం రోజూ వాడే సెట్ థియరీతో దాన్ని కాదని నిరూపించలేమని గోడెల్, అవునని నిరూపించలేమని 1963లో కోహెన్ చూపించారు. మరి నిజమేనా కాదా? మనిషికి నిజాలు "కనిపించేస్తే" ఈపాటికి అందరికీ ఒకటే కనిపించాలి. కనిపించలేదు, గణితవేత్తలు ఇప్పటికీ రెండు పక్షాలు. కొత్త స్వీకృతం తేవాలంటే దాన్ని దేన్నుంచీ నిరూపించలేం, దానివల్ల ఏం ఫలాలు వస్తాయి, పాత ఫలితాలు ఎంత సులువవుతాయి అని చూసి ఒప్పుకోవచ్చని గోడెల్ 1947లో రాశాడు. ఇది నిరూపణ పని కాదు, రుచి, అనుభవం, తెగింపు. మిషన్ ఇలాంటి పని చేయలేదని ఏ సిద్ధాంతమూ చెప్పట్లేదు. చేస్తుందని కూడా చెప్పట్లేదు.

మనకు దగ్గరి కథ ఒకటి. రామానుజన్ చేతిలో డబ్బుల్లేక నోటు పుస్తకాలు పట్టుకుని తిరుగుతున్నప్పుడు 1910 ప్రాంతంలో ఆయన్ని ఆదుకున్నది అప్పటి నెల్లూరు కలెక్టర్ రామచంద్రరావు. ఆయన లెక్కలంటే ఇష్టమున్న మనిషి. మొదట అనుమానించాడు, ఈ కుర్రవాడు నిజమైనవాడేనా అని. రామానుజన్ సులువైన ఫలితాలతో మొదలుపెట్టి ఒక్కో మెట్టు ఎక్కిస్తూ, ఎంత కూడినా ఒక విలువకు చేరని అపసరణ శ్రేణుల దాకా తీసుకెళ్లాకే నమ్మకం కుదిరింది, నెలకు 25 రూపాయలు ఇచ్చాడు. అక్కడ నిరూపణలు పెద్దగా లేవు. తర్వాత కేంబ్రిడ్జి గణితవేత్త హార్డీకి ఉత్తరాల్లో రాసిన ప్రధాన సంఖ్యల సూత్రం తప్పని కూడా తేలింది. అయినా ఆ మనిషిలో ఏదో ఉందని నెల్లూరు కలెక్టర్‌కి ఎలా తెలిసింది? సృజన గురించి నన్ను అడిగితే ఈ ప్రశ్న గోడెల్ కంటే గట్టిది. నీ డిబేట్‌లో మీ పక్షానికి ఇది వాడుకో. ఎవరూ అడగకుండా, మార్కులు రాకుండా, పుస్తకాలు నింపాలన్న దురద మిషన్‌కి ఉందా అని అడుగు. జవాబు నా దగ్గర లేదు, అవతలివాళ్ల దగ్గరా ఉండదు.

సీఎస్‌ఈ వాడివి కాబట్టి ఇంకొక్క ముక్క. ఏ ప్రోగ్రామ్ ఇచ్చినా అది ఆగుతుందో లేదో తప్పులేకుండా చెప్పే ప్రోగ్రామ్ ఉండదని ట్యూరింగ్ 1936లో, ఆగడమొక్కటే కాదు ప్రోగ్రామ్ ప్రవర్తన గురించి ఇంచుమించు ఏ ప్రశ్నకైనా అంతేనని రైస్ 1953లో తేల్చారు. మిషన్లకు గోడెల్ దెబ్బ నిజంగా తగిలేది అక్కడ. "ఏ ఏఐ అయినా ఇచ్చెయ్, ఇది ఎప్పటికీ తేడా చేయదని సర్టిఫికెట్ ఇచ్చే సాఫ్ట్‌వేర్ మా దగ్గరుంది" అని ఎవరైనా అమ్మకానికొస్తే కొనవద్దు.

సమస్యాపూరణం

మాస్టారూ, నా పేరుతో కట్టిన వాక్యానికి మా ఆవిడ చాలాసేపు నవ్వింది. లూకస్ సంగతి ఇంకా పూర్తిగా వదల్లేదు గానీ వైరుధ్యం గురించి మీరు చెప్పింది ఆలోచించదగ్గదే. ఎంపిక అన్నారే, దానికి మాత్రం ఒప్పుకుంటాను.

మా మనవరాలి ఫోన్‌లో ఆ ఏఐకి ఒక సమస్య ఇచ్చి చూశాను. భావం ఫర్వాలేదు, ఒక చోట ముచ్చటగా కూడా ఉంది. రెండో పాదంలో యతి తప్పింది. తప్పిందమ్మా అంటే క్షమించండి అని మళ్లీ రాసి ఈసారి ప్రాస పోగొట్టింది. ఇదేనా ఒలింపియాడ్‌లో పతకం తెచ్చింది?

పెన్నాగట్టు

అది వేరే పంతులుగారూ. ఒలింపియాడ్ దాంట్లో రాసే భాగం ఒకటి, తనిఖీ భాగం ఇంకొకటి. ఆ డీప్‌మైండ్ ప్రోగ్రామ్‌లోని ఆల్ఫాప్రూఫ్ అనేది రాసే ప్రతి మెట్టునూ లీన్ అనే నిరూపణ భాష సరిచూస్తుంది, తప్పైతే అక్కడే ఆపేస్తుంది, మళ్లీ వెతుక్కోవాలి. కొన్ని లెక్కలకు అట్లా మూడు రోజుల దాకా వెతికింది. మీ ఫోన్‌లో ఉన్నదానికి వెనక తనిఖీ చేసే అయ్యవారు లేడు. ఛందస్సు సరిచూసే సాఫ్ట్‌వేర్‌ని దాని వెనక కూర్చోబెడితే యతి తప్పిన పద్యం మీ దాకా రాదు.

కందుకూరు_కుర్రాడు

అన్నా, ఇది నేను మినీ ప్రాజెక్టుగా పెట్టుకుంటాను! ఒకటి పద్యం రాస్తుంది, ఇంకోటి ఛందస్సు చూస్తుంది, కుదిరేదాకా తిప్పుతాను. పంతులుగారూ, కుదిరిన పద్యాలు కొన్ని, మనుషులు రాసినవి కొన్ని కలిపి పేర్లు లేకుండా పంపిస్తే మార్కులు వేస్తారా? డిబేట్‌లో గోడెల్‌ని తీసేస్తున్నాను, నెల్లూరు కలెక్టర్ కథ పెట్టుకుంటున్నా.

సమస్యాపూరణం

తప్పకుండా వేస్తాను నాయనా, నిర్దాక్షిణ్యంగా వేస్తాను. మనుషుల పద్యాలు అచ్చులో ఉన్నవి తేవద్దు, గుర్తుపట్టేస్తాను, మా అవధాన మిత్రుల దగ్గర కొత్తవి నేనే ఇప్పిస్తాను, మధ్యలో నువ్వు కలిపి పంపు. ఉత్పలమాలతో మొదలుపెట్టకు, దాన్ని ఊకదంపుగా నింపడం మనుషులకే అలవాటు. కందంతో మొదలుపెట్టు. బేసి గణాల్లో జగణం రాకూడదు, ఆరో గణం నలం గానీ జగణం గానీ అయి తీరాలి, ఎనిమిదో గణం చివర గురువు ఉండాలి. అందులో ఇమిడి కూడా ఊపిరి ఆడుతున్న పద్యం ఎవరిదో నాకు చెప్పనక్కర్లేదు, మార్కులు చూశాక నువ్వే పేర్లు విప్పు.